బయోటిన్ వేసుకుంటే లిథియం వల్ల రాలే జుట్టు ఆగుతుందా?

తులసికోట
నాకు 31 ఏళ్లు. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. బైపోలార్ (మనసు ఒకసారి మితిమీరి పొంగి, ఒకసారి కుంగిపోయే జబ్బు) అని తేలి నాలుగేళ్లయింది. అప్పటి నుంచి రోజూ రాత్రి లిథియం 900 మిల్లీగ్రాములు వేసుకుంటున్నాను. మందు పనిచేస్తోంది, అందులో నాకు అనుమానం లేదు. రెండేళ్లుగా ఆ జబ్బు వల్ల ఒక్క సెలవు కూడా పెట్టలేదు.

కానీ ఎనిమిది నెలల నుంచి జుట్టు మరీ ఘోరంగా రాలుతోంది. దువ్వితే దువ్వెన నిండా జుట్టే, తలంటుకుంటే బాత్రూం జాలీ నిండా జుట్టే. నడుము దాకా ఉన్న జడ ఎలుక తోకలా అయింది. మా పిన్ని చూసి బాధపడి బయోటిన్ మాత్రలు తెచ్చిచ్చింది, 10,000 మైక్రోగ్రాములవి. ఐదు నెలలుగా రోజూ పొద్దున్నే వేసుకుంటున్నాను. వెంట్రుకంత తేడా లేదు. దీనికి తోడు 6 కిలోలు బరువు పెరిగాను. ఎప్పుడు చూసినా నిస్సత్తువ, మలబద్ధకం. ఫ్యాను వేస్తే చలి.

డాక్టరు గారు థైరాయిడ్ పరీక్ష రాశారు. టీఎస్‌హెచ్ 2.1 వచ్చింది, నార్మల్ అన్నారు. అంటే ఇదంతా లిథియం వల్లే కదా? బయోటిన్ రెండు మాత్రలు చేయాలా, లేక వేరే ఏదైనా సప్లిమెంట్ ఉందా? మా అమ్మ ఆ మందు మానేయమని రోజూ గొడవ. నిజం చెప్పాలంటే అద్దం చూసుకున్నప్పుడల్లా నాకూ అలాగే అనిపిస్తోంది. అందుకే మిమ్మల్ని అడుగుతున్నా.

మినపసున్ని
ముందు ఒక్క మాట. లిథియం మీ అంతట మీరు ఆపకండి. జుట్టు మళ్లీ వస్తుంది. మా అక్క ఒకసారి పండక్కి ముందు మానేసింది. ఆ సంక్రాంతి మా ఇంట్లో ఎవరం మర్చిపోలేం.

మల్లెపందిరి
నాది వాల్‌ప్రోయేట్, అదీ బైపోలార్‌కు ఇచ్చే మందే. దీనికీ జుట్టు రాలుతుంది. నాకు మా సైకియాట్రిస్టే జింకు రాశారు, మూడు నెలలు వాడాను. జింకు వల్ల ఆగిందో, డోసు కొంచెం తగ్గించడం వల్ల ఆగిందో నేను చెప్పలేను. రెండూ ఒకే వారంలో జరిగాయి. కొత్తగా వచ్చిన జుట్టు మాత్రం ఉంగరాలు తిరిగింది. మా ఆయన గుర్తుపట్టడానికి నాలుగు రోజులు పట్టింది.

పల్లెగాలి
ఈ రసాయనాల మీద రసాయనాలు ఎందుకండీ. నేను ఎస్సిటలోప్రామ్ అనే డిప్రెషన్ మందు వాడుతూ అశ్వగంధ చూర్ణం రాత్రి పాలలో కలుపుకుని తాగుతాను. ఆ మాత్ర వల్ల వచ్చిన కంగారు, నిద్ర పట్టకపోవడం రెండూ పోయాయి. మన పెద్దవాళ్లు వందల ఏళ్లుగా వాడిందే. జుట్టుకైతే గుంటగలగరాకు నూనె. ప్రకృతిలో దొరికేవాటితో ఏ ఇబ్బందీ ఉండదు.

మందులషాపు శీను
తులసికోట గారూ, మూడు ప్రశ్నలు. రక్తం ఇచ్చిన రోజు పొద్దున బయోటిన్ వేసుకున్నారా? వేసుకుంటే ఎన్ని గంటల ముందు? రిపోర్టులో ఫ్రీ టీ4 (అసలు థైరాయిడ్ హార్మోను) కూడా ఉంటే అదెంత?

తులసికోట
వేసుకున్నాను. ఏడింటికి మాత్ర, తొమ్మిదింటికి రక్తం. పరగడుపున ఇవ్వక్కర్లేదన్నారని టిఫిను కూడా చేసి వెళ్లాను. ఫ్రీ టీ4 మామూలు హద్దు కంటే కొంచెం ఎక్కువ ఉంది. డాక్టరు గారు అది పెద్ద తేడా కాదన్నారు. ఎందుకు అడుగుతున్నారు?

మందులషాపు శీను
ఆ రిపోర్టును నమ్మకండి. ఖమ్మంలో 18 ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. ఇది చాలామందికి తెలియదు, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

థైరాయిడ్ పరీక్ష చేసే కొన్ని మిషన్లలో బయోటిన్‌నే జిగురులా వాడతారు. స్ట్రెప్టావిడిన్ అనే ప్రోటీన్ బయోటిన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్ పని తగ్గినప్పుడు పెరిగే హార్మోను. మన రక్తంలోని టీఎస్‌హెచ్‌ను ఆ జిగురుతో పట్టి, ఎంత చిక్కిందో కొలుస్తారు. మీరు పొద్దున్నే 10,000 మైక్రోగ్రాములు మింగి వెళ్తే రక్తం నిండా బయోటిన్ ఉంటుంది. అది పోయి ఆ ప్రోటీన్‌ను ముందే ఆక్రమిస్తుంది. పరీక్షలో వాడిన జిగురుకు చోటు దొరకదు. టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువ కనిపిస్తుంది. ఫ్రీ టీ4 పరీక్ష తిరగేసిన పద్ధతిలో పనిచేస్తుంది, కాబట్టి అది ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. మీ రిపోర్టు సరిగ్గా అలాగే ఉంది.

మామూలుగా మనిషికి రోజుకు 30, 40 మైక్రోగ్రాముల బయోటిన్ చాలు. గుడ్డు, పల్లీలు తింటే అదే వస్తుంది. మీరు వేసుకుంటున్నది దానికి 250 రెట్లకు పైనే.

పల్లెగాలి
మాత్ర వేసుకుంటే రక్తపరీక్ష తప్పు చూపిస్తుందా? నాకు నమ్మబుద్ధి కావడం లేదు. అలాగైతే ల్యాబు వాళ్లే అడగాలి కదా.

మందులషాపు శీను
అడగాలి. ఎక్కువ చోట్ల అడగరు. 2017లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని మీద బహిరంగంగా హెచ్చరిక ఇచ్చింది. గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్ష కూడా బయోటిన్ వల్ల తక్కువ చూపించిందని, ఒక మనిషి చనిపోయారని అందులోనే చెప్పారు. అన్ని మిషన్లూ ఇలా తప్పు చూపవు, కొత్తవాటిలో చాలావరకు సరిచేశారు. కానీ మనం వెళ్లే ల్యాబులో ఏ మిషను ఉందో మనకెలా తెలుస్తుంది? పరీక్షకు కనీసం రెండు మూడు రోజుల ముందు ఆపేయడమే మంచిది.

పీజీ_విశాఖ
సైకియాట్రీ పీజీ చేస్తున్నాను. శీను గారు సరిగ్గా పట్టుకున్నారు. దానికి కొంచెం కలుపుతాను.

లిథియం థైరాయిడ్ గ్రంథిలోకి చేరి అక్కడి నుంచి హార్మోను బయటికి రాకుండా అడ్డుపడుతుంది. ఆడవాళ్లలో ఇది మరింత ఎక్కువగా చూస్తాం. అందుకే లిథియం మీద ఉన్నవాళ్లకు ఆరు నెలలకోసారి టీఎస్‌హెచ్, కిడ్నీ పనితీరు చూడాలి. జుట్టు రాలడం, బరువు, నిస్సత్తువ, మలబద్ధకం, చలికి తట్టుకోలేకపోవడం, ఇవన్నీ థైరాయిడ్ తగ్గినప్పుడు వచ్చేవే. లిథియం నేరుగా కూడా జుట్టు రాల్చగలదు, కాదనను. కానీ మీరు చెప్పిన లక్షణాలన్నీ ఒకేచోట చూస్తే నాకు ముందు థైరాయిడే గుర్తొస్తుంది.

ఇది నిజమైతే జుట్టు కోసం వేసుకున్న మాత్రే జుట్టు ఎందుకు రాలుతోందో కనపడకుండా కప్పేసినట్టు. మీ డాక్టరు గారికి బయోటిన్ సంగతి చెప్పారా?

తులసికోట
లేదు. అది మందు కాదు కదా, విటమినే కదా అనుకున్నాను. వేరే ఏమైనా మందులు వాడుతున్నారా అని అడిగారు. లేదండీ అన్నాను.

మినపసున్ని
నాకు తెలిసిన ప్రతి ఇంట్లో ఇదే జవాబు. డాక్టరు అడిగితే ఏమీ లేదంటాం. ఇంటికొచ్చి చూస్తే ఫ్రిజ్ మీద త్రిఫల, కాల్షియం, చేపనూనె, మావయ్య పంపిన పొడి, పక్కింటావిడ చెప్పిన రసం.

గోదారిగట్టు
ఈ చర్చ చదివాక రాయకుండా ఉండలేకపోతున్నాను. కొంచెం పెద్దదే, ఓపిక పట్టండి.

మా నాన్నగారు 22 ఏళ్లు లిథియం మీద ఉన్నారు. ఊళ్లో ఎవరికీ తెలియదు. బీపీ మాత్ర అని చెప్పుకునేవాళ్లం. మందు వల్ల ఆయనకు రెండు ఇబ్బందులు ఉండేవి, చేతి వణుకు, బరువు. టీ కప్పు పట్టుకుంటే సాసరు మోగేది. పెళ్లిళ్లలో అందరి ముందూ కాఫీ తాగడం మానేశారు. ఆ బరువు తగ్గడానికని మూడేళ్ల క్రితం ఎండాకాలంలో ఒక ప్రకృతి చికిత్స కేంద్రంలో చేరారు. పేరు చెప్పను. వాళ్లు మంచి ఉద్దేశంతోనే చేశారు. అక్కడ ఉప్పు లేని చప్పిడి కూరలు, పళ్లరసాలు, రోజుకు నాలుగైదు లీటర్ల నీళ్లు, ఎండలో నడక. దాంతోపాటు ఒంట్లో నీరు లాగేస్తుందని ఏదో మూలికా కషాయం.

చేరేటప్పుడు ఫారంలో మందుల గురించి అడిగారు. నాన్న సిగ్గుపడి బీపీ అనే రాశారు. మేమూ పక్కనే ఉన్నాం, మేమూ ఏమీ అనలేదు. అది నా గుండెలో ఇప్పటికీ ముల్లులా ఉంది.

ఏడో రోజు ఫోన్లో మాట ముద్దగా వినిపించింది. అలసట అనుకున్నాం. తొమ్మిదో రోజు వాంతులు, విరేచనాలు. నిలబడితే తూలిపోతున్నారు. చేయి వణుకు కాదు, మొత్తం ఒళ్లే ఊగుతోంది. రాజమండ్రి తీసుకొచ్చి ఆసుపత్రిలో చేర్చాక డ్యూటీ డాక్టరమ్మ అడిగింది, ఏం మందులు వాడతారు అని. అప్పుడు నోరు విప్పాను. లిథియం స్థాయి చూస్తే 2.3. ఉండాల్సింది 0.6 నుంచి 1.0 మధ్యలో.

ఆవిడ చెప్పింది నాకు అక్షరం అక్షరం గుర్తు. లిథియం కూడా ఉప్పు జాతిదే. కిడ్నీకి ఉప్పు దొరకనప్పుడు ఉన్న సోడియాన్ని వదలకుండా దాచుకుంటుంది. దాంతోపాటు లిథియాన్నీ దాచేసుకుంటుంది. వేసుకునే మాత్ర అదే, డోసు అదే, ఒంట్లో మాత్రం రోజు రోజుకీ పేరుకుంటుంది. పైన ఎండ, చెమట, కషాయం.

రెండుసార్లు డయాలిసిస్ చేశారు. బతికారు. ఇప్పుడూ లిథియమే వాడుతున్నారు, తక్కువ డోసులో. ఆవకాయ మాత్రం ఎవరూ ముట్టుకోవద్దనరు మా ఇంట్లో. ఉప్పు మరీ ఎక్కువా కాదు, మరీ తక్కువా కాదు, రోజూ ఒకే తీరుగా తినమన్నారు.

మల్లెపందిరి
అన్నయ్యా, ముల్లు అనకండి. ఆ సిగ్గు మీ ఒక్కరిది కాదు. మా అత్తగారింట్లో నా మాత్రలు ఇప్పటికీ మూర్ఛ మాత్రలే. వాల్‌ప్రోయేట్ నిజంగానే మూర్ఛకు కూడా ఇస్తారు కాబట్టి అబద్ధం అతుక్కుపోయింది.

రంగశాయి ఓరుగల్లు
గోదారిగట్టు అన్నా, చదువుతుంటే ఒళ్లు జలదరించింది. మా తమ్ముడు కూడా లిథియమే వాడేటోడు, ఇప్పుడు క్లోజపిన్ అనే ఇంకో మానసిక జబ్బు మందు. ఎండాకాలంలో ఓఆర్‌ఎస్ తాగొచ్చా మరి?

పీజీ_విశాఖ
విరేచనాలో వాంతులో వచ్చి నీరు, ఉప్పు పోతుంటే ఓఆర్‌ఎస్ మంచిదే. కానీ లిథియం మీద ఉన్నవాళ్లకు వాంతులు, విరేచనాలు మొదలైతే అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయాలి. లిథియం స్థాయి చూడాల్సి రావచ్చు. మామూలుగా చూసే పరీక్షకైతే రాత్రి మాత్ర వేసుకున్నాక 12 గంటలకు రక్తం ఇవ్వాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. 1.5 దాటితే విషం లక్షణాలు కనపడటం మొదలవుతుంది. పెద్ద వయసు వాళ్లలో అంతకంటే తక్కువలోనూ చూస్తాం.

రంగశాయి ఓరుగల్లు
క్లోజపిన్ వాడేవాళ్ల ఇంట్లోవాళ్ల కోసం నాది ఒక మాట. మొదటి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష అని అందరికీ చెబుతారు, అందరం భయంగా చేయిస్తాం. మలబద్ధకం గురించి మాత్రం ఎవరూ పట్టించుకోరు. మా తమ్ముడికి అదే ప్రాణం మీదికి వచ్చింది.

వాడికి నాలుగు రోజులు కాలేదు. అమ్మ ఇసబ్‌గోల్ పెద్ద చెంచాతో రెండు పూటలా ఇచ్చింది. వాడు నీళ్లు సరిగ్గా తాగడు, ఎంత చెప్పినా గ్లాసులో సగం వదిలేస్తడు. ఆ పొట్టు నీళ్లు లేక లోపలే గట్టిపడింది. కడుపు కుండలా ఉబ్బింది. ఆసుపత్రిలో తెలిసింది, క్లోజపిన్ పేగుల కదలికనే మందగిస్తుందట. కదలని పేగులో పీచు ఇంకా ఇంకా నింపితే ఏమైతది? 2020లో అమెరికా ఎఫ్‌డీఏ దీని మీదే హెచ్చరికను గట్టి చేసిందని డాక్టరు చెప్పిండు. ఇప్పుడు వాడికి మలం మెత్తబడే సిరప్‌తో పాటు పేగును కదిలించే మాత్ర కూడా చీటీలోనే రాసిచ్చిన్రు. క్యాలెండర్ మీద రోజూ టిక్ పెడుతున్నం. రెండు రోజులు టిక్ లేకపోతే ఫోన్ చేస్తం.

మందులషాపు శీను
ఇసబ్‌గోల్ గురించి ఇంకోటి. అది లిథియం ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తుందని కూడా అంటారు. తులసికోట గారూ, మలబద్ధకానికి అదేమైనా వాడుతుంటే రెండూ ఒకేసారి వద్దు, మధ్యలో రెండు గంటలైనా ఎడం ఉండాలి. అదీ డాక్టరుకు చెప్పండి.

తులసికోట
వాడుతున్నాను. రాత్రి లిథియంతో పాటే, అదే గ్లాసు నీళ్లతో.

మినపసున్ని
అమ్మో. తులసికోటా, మీ చీటీ కంటే మీ వంటగదే పెద్దదమ్మా. ఈ రాత్రి కూర్చుని ఇంట్లో వాడేవన్నీ ఒక కాగితం మీద రాయి తల్లీ.

నిద్రలేని రాత్రులు
నాది వేరే కథ, కానీ ఇక్కడ చెప్పాల్సిందే అనిపించింది. రిస్పెరిడోన్ అనే మానసిక జబ్బు మందు మొదలుపెట్టాక కూర్చోలేకపోయేవాడిని. కాళ్లలో చీమలు పాకినట్టు. భోజనం కూడా నిలబడి, నడుస్తూ చేసేవాడిని. జబ్బు ముదిరిందనుకుని ఇంట్లోవాళ్లు డోసు పెంచమన్నారు. తర్వాత తెలిసింది, అది జబ్బు కాదు, మందు వల్లే. దాన్ని అకతీసియా అంటారట.

నెట్‌లో చదివి విటమిన్ బీ6 కొనుక్కున్నాను. ఇజ్రాయెల్‌లో 2004లో ఒక చిన్న పరిశోధన వచ్చింది, 20 మంది మీద, రోజుకు 600 మిల్లీగ్రాములు, ఐదు రోజులు. కొందరికి నిజంగానే తగ్గింది. నేను చదివింది అక్కడిదాకే. ఐదు రోజులు అన్న మాట నా కళ్లకు ఆనలేదు. ఏడు నెలలు వేసుకున్నాను. కాళ్లలో కదలిక కొంచెం తగ్గింది, అది నిజం. కానీ అరికాళ్లు మొద్దుబారడం మొదలైంది. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. బీ6 ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే నరాలు దెబ్బతింటాయట.

ఆపేసి ఏడాది దాటింది. చాలావరకు తగ్గింది, వేళ్ల చివర్ల ఇంకా కొంచెం ఉంది. అకతీసియాకి చివరికి ప్రొప్రనలాల్ ఇచ్చారు, రిస్పెరిడోన్ తగ్గించారు. పది రోజుల్లో కుర్చీలో కూర్చుని సినిమా చూశాను. ముందే నోరు తెరిచి అడిగితే అయిపోయేది.

పల్లెగాలి
ఇన్ని కథలు విన్నాక కూడా నేను ఒకటి అంటాను, కోప్పడకండి. మనం డాక్టరుకు చెప్పకపోవడానికి కారణం మనం ఒక్కళ్లమే కాదు. మా డాక్టరు దగ్గర రెండు గంటలు కూర్చుంటే నాలుగు నిమిషాలు చూస్తారు. బరువు పెరుగుతోందంటే వాకింగ్ చేయమంటారు. నిద్ర మత్తుగా ఉందంటే అలవాటైపోతుందంటారు. అలాంటప్పుడు మనిషి ఏం చేస్తాడు? తనకు తోచింది తెచ్చుకుంటాడు. ఆ అశ్వగంధే నన్ను ఎస్సిటలోప్రామ్ మీద నిలబెట్టింది. లేకపోతే రెండో వారంలోనే మానేసేవాడిని.

పీజీ_విశాఖ
పల్లెగాలి గారూ, కోపం లేదు. మీరన్నది మా వైపు తప్పు, ఒప్పుకుంటాను. ఒక్క ఓపీలో 80 మందిని చూసిన రోజులు నాకూ ఉన్నాయి. సైడ్ ఎఫెక్టును మేము తేలిగ్గా తీసేస్తే రోగి మందే తీసేస్తాడు.

అశ్వగంధ మీకు నిద్ర ఇచ్చి ఉండొచ్చు, దానికి మత్తు గుణం ఉంది. కానీ ప్రకృతిలో దొరికింది కాబట్టి ఏమీ చేయదన్న మాటకే నా అభ్యంతరం. అది థైరాయిడ్ హార్మోన్లను పెంచగలదు. లివరు దెబ్బతిన్న కేసులు కూడా వచ్చాయి. డెన్మార్క్ 2023లో నిషేధించింది. మీరు ఆపాలని ఇక్కడి నుంచి చెప్పను, మీ డాక్టరుకు తెలియాలి, లివరు పరీక్ష ఒకసారి చేయించాలి, అంతే. ఇంకోటి, ప్రకృతి అంటున్నారు కాబట్టి చెబుతున్నా. లిథియం కూడా రాళ్లలో, ఊట నీళ్లలో దొరికే ఖనిజమే. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ దాన్ని ఉన్మాదానికి వాడి చూపించాడు.

డల్లస్ వేణి
మేమిక్కడ తాగే సెవనప్‌లో కూడా 1948 దాకా లిథియం ఉండేదట! 1929లో మొదలైనప్పుడు దాని పేరులోనే ఉండేది.

కానీ నేను రాయడానికి వచ్చింది వేరే సంగతి. ఇక్కడ లిథియం ఒరొటేట్ అని చీటీ లేకుండా సూపర్‌మార్కెట్లో అమ్ముతారు. మా పిన్నత్త కొడుకు డాక్టరు ఇచ్చిన లిథియం కార్బోనేట్ మానేసి ఇది మొదలుపెట్టాడు. సైడ్ ఎఫెక్టులు లేని లిథియం అని ఎవరో చెప్పారట. ఒక మాత్రలో అసలు లిథియం 5 మిల్లీగ్రాములు. 300 మిల్లీగ్రాముల కార్బోనేట్ మాత్రలో దాదాపు 56 ఉంటుంది. అంటే వాడు మందు మానేసినట్టే. మూడు నెలలకు ఉద్యోగం పోయింది, క్రెడిట్ కార్డుల మీద 40 వేల డాలర్లు ఖర్చు పెట్టాడు. ఇండియా నుంచి మామయ్య వచ్చి ఆరు నెలలు ఉండాల్సొచ్చింది.

ఇండియాలో ఉన్నవాళ్లకి అమెరికా చుట్టాలు సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక కూడా పంపిస్తుంటారు, డిప్రెషన్‌కి మంచిదని. ఎస్సిటలోప్రామ్ లాంటి వాటితో కలిస్తే సెరటోనిన్ అనే మెదడు రసాయనం మితిమీరి చాలా ప్రమాదం. దయచేసి సూట్‌కేసులో వచ్చిన డబ్బాలన్నిటినీ కూడా ఆ కాగితం మీద రాయండి.

మందులషాపు శీను
మనదేశంలో ఈ డబ్బాల మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ గుర్తు ఉంటుంది. అది ఆహారానికి ఇచ్చే లైసెన్సు, మందుకు ఇచ్చేది కాదు. మందుగా వాడటానికి కాదు అని లేబుల్ మీద చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. నా కౌంటరు దగ్గర ఎవరూ చదవరు. చదివి వినిపిస్తే నవ్వుతారు, అమ్మేవాడివి నువ్వే కదా అని. అమ్ముతాను, నిజమే. కానీ ఏ మందుతో కలిపి వేసుకుంటారో అడగకుండా ఇవ్వను.

కొత్తకొమ్మ
అంటే ఏ సప్లిమెంటూ పనికిరాదనా మీ అందరి మాట? నేను ఓలాంజపిన్ అనే మానసిక జబ్బు మందుతో చేపనూనె వేసుకుంటున్నాను, రక్తంలో ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు తగ్గుతుందని. భయమేస్తోంది.

పీజీ_విశాఖ
అలా కాదు. చేపనూనె ట్రైగ్లిజరైడ్స్ తగ్గిస్తుంది, మీరు కొనసాగించొచ్చేమో మీ డాక్టరును అడగండి. కొన్నిసార్లు మేమే రాస్తాం. ఓలాంజపిన్ బరువుకు మెట్‌ఫార్మిన్ ఇచ్చినప్పుడు బీ12 తగ్గుతుంది, అప్పుడు బీ12 మేమే ఇస్తాం. వాల్‌ప్రోయేట్ వల్ల అమోనియా పెరిగితే కార్నిటైన్ ఇస్తాం. ఎందుకు ఇస్తున్నామో, ఎంతకాలమో, ఏ పరీక్షతో చూస్తామో తెలిసి ఇవ్వడం వేరు.

మల్లెపందిరి
వాల్‌ప్రోయేట్ మాట వచ్చింది కాబట్టి పెళ్లైన, పెళ్లికి సిద్ధంగా ఉన్న అమ్మాయిలకు ఒకటి చెప్పాలి. ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే చాలు, వాల్‌ప్రోయేట్‌తోనే పిల్లల్ని కనొచ్చు అని నాకు ఒక బంధువు ధైర్యం చెప్పింది. నేనూ నమ్మాను. మా డాక్టరమ్మ కాగితం మీద గీసి చూపించింది. ఈ మందు మీద గర్భం వస్తే పదిమందిలో ఒక బిడ్డకు పెద్ద అవయవ లోపం, 100కి 30 నుంచి 40 మందిలో ఎదుగుదల, తెలివితేటల ఇబ్బందులు. ఫోలిక్ యాసిడ్ ఆ ప్రమాదాన్ని తీసేయలేదు. గర్భం అనుకోకముందే మందు మార్చాలి, అదీ ఉన్నట్టుండి కాదు, నెలల ముందు నుంచి. నాది ఇప్పుడు మారుస్తున్నారు. మూడో నెల. భయంగానే ఉంది, కానీ ముందే తెలిసినందుకు ఆవిడకు రోజూ దండం పెట్టుకుంటున్నాను.

మినపసున్ని
అన్నీ మంచిగా జరగాలమ్మా. సీమంతానికి మినపసున్ని నేనే పంపిస్తా, పేరు పెట్టుకున్నందుకైనా.

తులసికోట
తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నాను. మీరు చెప్పినట్టు కాగితం రాశాను. బయోటిన్, ఇసబ్‌గోల్, కాల్షియం, వారానికోసారి విటమిన్ డీ, తలనొప్పికి అప్పుడప్పుడు ఐబుప్రొఫెన్. ఆ కాగితం డాక్టరు గారి చేతిలో పెట్టాను. ఆయన చాలాసేపు చూశారు. బయోటిన్ దగ్గర ఆగి, ఇది పోయినసారి నేను అడగాల్సింది అన్నారు. ఐబుప్రొఫెన్ కొట్టేసి పారాసెటమాల్ రాశారు. అది కూడా లిథియం స్థాయిని పెంచుతుందట, నాకు అస్సలు తెలియదు.

బయోటిన్ మానేసి నాలుగో రోజున, రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇచ్చాను. లిథియం 0.7, బాగానే ఉందన్నారు. టీఎస్‌హెచ్ 11.8. అదే ల్యాబు, అదే మిషను. పోయినసారి 2.1.

థైరాక్సిన్ అనే థైరాయిడ్ హార్మోను మాత్ర 50 మైక్రోగ్రాములు మొదలుపెట్టారు, పొద్దున్నే పరగడుపున, కాల్షియం దానికి నాలుగు గంటలు దూరంగా. లిథియం అలాగే ఉంచారు. ఆరు వారాలకు మళ్లీ పరీక్ష. అమ్మను వెంట తీసుకెళ్లాను. మందు మానొద్దని ఆయన నోటితో వింటే గాని అమ్మ ఊరుకోదు. బస్సులో తిరిగొస్తూ అమ్మ నా జడ చేతిలోకి తీసుకుని ఏమీ మాట్లాడలేదు.

మందులషాపు శీను
11.8! మంచిదైంది, దొరికింది. థైరాక్సిన్ మొదలుపెట్టిన వెంటనే జుట్టు ఆగదు, మూడు నాలుగు నెలలు పడుతుంది. మధ్యలో నిరాశపడి పిన్ని గారిచ్చే ఇంకో డబ్బా తెరవకండి.

గోదారిగట్టు
చదివి చాలా సంతోషం వేసింది చెల్లెమ్మా. నాన్నకు కూడా చదివి వినిపించాను. ఆయన కూడా ఒక కాగితం రాసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నారు. మందు పేరు లిథియం అనే రాశారు, బీపీ అని కాదు.

పల్లెగాలి
నేను అశ్వగంధ మానలేదు. వచ్చే సోమవారం అపాయింట్‌మెంట్ ఉంది, చూర్ణం డబ్బానే పట్టుకెళ్తాను. ఏమన్నారో వచ్చి రాస్తాను.

వేదిక నిర్వహణ
డాక్టరు అందుబాటులో లేనప్పుడు మాట్లాడటానికి టెలిమానస్ 14416 ఉంది, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. తూలడం, మాట ముద్దగా రావడం, ఆగని వాంతులు ఉంటే ఫోన్లతో పొద్దుపుచ్చకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఈ చర్చను అందరికీ కనపడేలా పైన ఉంచుతున్నాం.

తులసికోట
మూడు నెలలైంది, ఎవరైనా వెతుక్కుంటూ వస్తారని రాస్తున్నాను. టీఎస్‌హెచ్ 3.4కి వచ్చింది. మలబద్ధకం పోయింది, 2 కిలోలు తగ్గాను. జుట్టు ఇంకా రాలుతోంది గానీ జాలీ నిండటం లేదు. నుదుటి దగ్గర చిన్న చిన్న వెంట్రుకలు నిలబడుతున్నాయి. నూనె రాసినా అణగవు. మొన్న తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి టీచర్, మీకు పిల్లజుట్టు వస్తోంది అంది.

చింతచెట్టు నీడ
ఇప్పుడే ఈ చర్చ మొత్తం చదివాను. మా అమ్మకు 64. లిథియం పదేళ్లుగా. మోకాళ్ల నొప్పులకు నెల రోజుల నుంచి డైక్లోఫెనాక్ రోజుకు రెండు వేసుకుంటోంది, షాపులో అడిగి తెచ్చుకున్నదే. రెండు రోజులుగా చెయ్యి ఎక్కువ వణుకుతోంది, నడిస్తే కొంచెం పక్కకు లాగుతోంది. వయసు వల్ల అనుకున్నాం.

మందులషాపు శీను
వయసు అనుకోకండి. డైక్లోఫెనాక్ కూడా లిథియాన్ని ఒంట్లో పెంచుతుంది. ఇక ఆ నొప్పి మాత్ర ఇవ్వొద్దు. రాత్రి లిథియం వేయాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి, ఇప్పుడే ఫోన్ చేయండి, దొరక్కపోతే నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. లిథియం స్థాయి, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రెండూ చూడమనండి. మందులన్నీ సంచీలో వేసుకెళ్లండి. నేను ఇక్కడే ఉన్నాను, అక్కడికి చేరాక రాయండి.

చింతచెట్టు నీడ
ఆటో పిలిచాను. వెళ్తున్నాం.